ప్లే అవుతాయి కానీ చూడలేం: ఒక డిస్కుల పెట్టెను రెండోసారి డిజిటల్ చేసిన కేసు

ఆయన సరుకు రవాణా ఓడలో ఇంజినీరు. ఒకసారి ఓడెక్కితే నెలల తరబడి నీళ్ల మీదే. అక్కడ నెట్ ఉన్నా మెసేజ్‌లకు, ఈమెయిళ్లకు సరిపోతుంది గానీ సినిమాలకు చాలదు. స్ట్రీమింగ్ యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుందామంటే ఆ ఫైళ్లకు గడువు ఉంటుంది, మధ్యలో యాప్‌కు నెట్ తగలకపోతే తెరుచుకోవు. ఇంట్లో మాత్రం ఏళ్లుగా కొనుక్కున్న వీసీడీలు, డీవీడీలు, కొన్ని బ్లూ-రేలు ఒక పెద్ద పెట్టె నిండా ఉన్నాయి. వాటిని టాబ్లెట్‌లోకి ఎక్కించుకుని వెళ్లాలన్నది కోరిక.

పాత డిస్కులను ఫైళ్లుగా మార్చి ఇవ్వడం నా పని, ఇలాంటివి తరచూ వస్తుంటాయి. ఈ ఒక్కదాని గురించి రాయడానికి కారణం, ఆ పని అప్పటికే ఒకసారి జరిగిపోయి ఉండటం. డబ్బు తీసుకుని ఎవరో పెట్టె మొత్తాన్ని ఎంపీ4 ఫైళ్లుగా మార్చి హార్డ్ డిస్క్‌లో పెట్టి ఇచ్చారు. ఆయన దాన్ని ఓడకు తీసుకెళ్లి, తిరిగొచ్చాక నా దగ్గరికి పట్టుకొచ్చారు.

"ఫైళ్లన్నీ ప్లే అవుతాయండీ. కానీ చూడలేం" అన్నారు.

ఫిర్యాదులు ఒక్కొక్కటిగా చెప్పించుకున్నాను. పాత సినిమాల్లో మనుషులు లావుగా కనిపిస్తున్నారు. కదలిక ఉన్న చోటల్లా అంచులు రంపం పళ్లలా చీలిపోతున్నాయి. మాటలు వినపడాలని సౌండ్ పెంచితే ఫైట్ రాగానే చెవులు పగిలిపోతున్నాయి. కొన్ని సినిమాలు వేరే భాషలో మాట్లాడుతున్నాయి. సబ్‌టైటిల్స్ ఎక్కడా లేవు. చివరగా కాస్త మొహమాటంగా, "రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు తక్కువ వస్తోంది, ఏమైనా కత్తిరించారంటారా?" అని అడిగారు.

ఆ ఆరు నిమిషాల సంగతి ముందే తేల్చేశాను, ఎందుకంటే అందులో ఎవరి తప్పూ లేదు. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేముల్లో. పాల్ పద్ధతి (మన దేశం, యూరప్ వాడిన టీవీ ప్రమాణం) డీవీడీ ఆడేది 25 ఫ్రేముల్లో. డిస్క్ తయారీలో మామూలుగా చేసేది సినిమాను కొంచెం వేగంగా నడిపించెయ్యడమే. 150 నిమిషాలు అలా 144 అవుతాయి. ఒక్క సీనూ పోదు, గొంతులు మాత్రం పిసరంత సన్నబడతాయి.

మిగతావన్నీ ఒకే చోట పుట్టిన జబ్బులు. హార్డ్ డిస్క్‌లోని ఫైళ్ల వివరాలు తీసి చూస్తే ప్రతిదీ 1280 బై 720, ప్రతిదీ 2000 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), ప్రతిదాంట్లో మొదటి ఆడియో ట్రాక్ ఒక్కటే. అంటే పెట్టె మొత్తానికి ఒకే సెట్టింగ్ పెట్టి, రాత్రికి కంప్యూటర్‌ను వదిలేశారు. వీసీడీలో వీడియో బిట్‌రేట్ 1150 కేబీపీఎస్ మాత్రమే, బొమ్మ 352 బై 288. దాన్ని 720 గీతలకు సాగదీసి 2000తో కుదిస్తే, మూలం కన్నా కాపీ బరువెక్కింది, స్పష్టత మాత్రం వీసమెత్తు పెరగలేదు.

ఉన్న ఫైళ్లనే బాగుచేయొచ్చా అని ఆయన అడిగారు. లావు మనుషుల్ని సన్నబరచొచ్చు. రంపం పళ్లను మాత్రం పోగొట్టలేం. ఇంటర్‌లేస్డ్ వీడియోలో ఒక ఫ్రేములో రెండు క్షణాలు ఉంటాయి: బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు మరో క్షణానివి. గీతలు విడివిడిగా ఉన్నంత కాలం వాటిని వేరు చేయొచ్చు. 480 గీతల్ని అలాగే 720కి సాగదీస్తే ఆ రెండు క్షణాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఇక విడదీయడానికి ఏ గీత ఎవరిదో ఆనవాలే ఉండదు. కాబట్టి మళ్లీ డిస్కుల దగ్గరికే వెళ్లాలి.

ఏవి తీసుకున్నాను, ఏవి పక్కన పెట్టాను

కొన్న డిస్క్ మనదే అయినా అందులోని సినిమా మీద మనకున్నది చూసే హక్కు. సొంతానికి కాపీ చేసుకోవడం మీద దేశానికో చట్టం ఉంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం డిస్క్‌కు వేసిన తాళం, అంటే కాపీ కాకుండా చేసే గుప్తీకరణ, తీయడమే చట్టవిరుద్ధం. బ్రిటన్‌లో సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చని 2014లో వెసులుబాటు ఇచ్చి, మరుసటి ఏడాదే అక్కడి హైకోర్టు దాన్ని రద్దు చేసింది. డీవీడీకి వేసే తాళం పేరు సీఎస్ఎస్. కేవలం 40 బిట్ల తాళంచెవి, 1999లోనే బద్దలైంది. తీయడం తేలికే. తేలికైనంత మాత్రాన ఇంకొకరి కోసం డబ్బు తీసుకుని తీసే పని నాది కాదు.

అందుకని ముందు ప్రతి డిస్క్‌నూ డ్రైవ్‌లో పెట్టి తాళం ఉందో లేదో చూశాను. వీసీడీలకు అసలు తాళమే ఉండదు. డీవీడీల్లో చాలా పాత విడుదలలు తాళం లేకుండానే వచ్చాయి. తాళం ఉన్నవి, బ్లూ-రేలు మొత్తంగా పక్కకు వెళ్లాయి. వాటి జాబితా ఆయనకు ఇచ్చి, డిజిటల్‌గా కొనుక్కోగలిగినవి కొనుక్కోమన్నాను. బ్లూ-రేల విషయంలో ఆయన కొంచెం నొచ్చుకున్నారు, అర్థం చేసుకోదగ్గదే. మంచి బొమ్మ ఉన్నవి అవే మరి.

చదివించడం

నేను డిస్క్ నుంచి నేరుగా ఎన్‌కోడ్ చేయను, అంటే వీడియోను కొత్త ఫైలుగా కుదించను. ముందు డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఇమేజ్‌గా దించుకుంటాను, ఆ తర్వాతి పనంతా దాని మీదే. డిస్క్ ఒకసారి తిరిగితే చాలు, సెట్టింగులు ఎన్నిసార్లు మార్చుకున్నా దానికి నొప్పి ఉండదు. రెండు పొరల డీవీడీ ఇమేజ్ 8.5 జీబీ దాకా ఉంటుంది, ఒక పొరది 4.7 జీబీ దాకా. చోటు ఎక్కువే, కానీ తర్వాత ఎప్పుడైనా మళ్లీ చేయాల్సి వస్తే పెట్టె జోలికి వెళ్లక్కర్లేదు.

తుడవడంలో ఒకే నియమం: మధ్య నుంచి అంచుకు నేరుగా. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే పోతుంది. డేటాకు తోడుగా ఉండే తప్పుదిద్దుబాటు కోడ్ చిన్న ఖాళీని అడ్డంగా దాటగలదు, పొడుగ్గా సాగే గీతను దాటలేదు. సీడీ, వీసీడీల్లో డేటా లేబుల్ కిందే పలచటి పూత మాటున ఉంటుంది. కాబట్టి మెరిసే వైపు గీతల కన్నా లేబుల్ మీద పడ్డ గాటే ప్రమాదకరం, ఆ పూత లేచిపోతే డేటా కూడా దానితోనే పోతుంది. డీవీడీలో డేటా రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, ఆ భయం తక్కువ. టూత్‌పేస్ట్‌తో రుద్దితే గీతలు పోతాయని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ పెట్టెలోనూ అలా రుద్దిన డిస్కులు కనిపించాయి. సన్న గీత పోయి మసక మిగిలింది.

మొరాయించే డీవీడీలకు డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. అది చదవగలిగిన చోట్లన్నీ ముందు చకచకా చదివేసి, మొండి సెక్టార్లను (డిస్క్‌లో డేటా ఉండే చిన్న ముక్కలను) మ్యాప్ ఫైలులో రాసిపెట్టుకుంటుంది. తర్వాత తీరిగ్గా వాటి మీదే పనిచేస్తుంది. దీనిలో నాకు నచ్చేది, డిస్క్‌ను తీసి వేరే కంపెనీ డ్రైవ్‌లో పెట్టి అదే మ్యాప్‌తో కొనసాగించవచ్చు. ఒక డ్రైవ్‌కు ససేమిరా అన్న చోటు ఇంకోదానికి సునాయాసంగా లొంగడం మామూలే.

వీసీడీలకు దారి వేరు. మామూలు డేటా సెక్టారులో 2048 బైట్ల డేటా, మిగతాది ఎక్కువగా తప్పుదిద్దుబాటుకు. వీసీడీ వీడియో సెక్టారులో 2324 బైట్ల డేటా ఉంటుంది. ఆ అదనపు చోటు వచ్చింది తప్పుదిద్దుబాటును తగ్గించుకోవడం వల్లే. ఒక ఫ్రేములో మచ్చ పడితే పడనీ, ఎక్కువ నిమిషాలు పట్టాలి అన్నది ఆనాటి లెక్క. మామూలు ఐఎస్ఓ (డిస్క్ ఇమేజ్) కాపీ 2048 లెక్కన సాగుతుంది కాబట్టి వీసీడీ వీడియోకు అది పనికిరాదు. సెక్టార్లను పచ్చిగా 2352 బైట్లూ చదివించి, అందులోంచి ఎంపెగ్ వీడియోను విడదీయాలి. అయినా కొన్ని చోట్ల రంగు గడులు మిగిలాయి. వాటిని అలాగే ఉంచాను. ఒక డిస్క్‌లో సుమారు 74 నిమిషాలే పడతాయి కాబట్టి ప్రతి సినిమా రెండు మూడు ముక్కలు. ఎన్‌కోడ్‌కు ముందే అతికించాలి.

బొమ్మను చూడటం

నా లెక్కలో ఈ పని మొత్తం ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకుండా కంటితో చూడాల్సిన పని.

ప్రతి సినిమాలో బాగా కదలిక ఉన్న ఒక షాట్ వెతుక్కుని ఫ్రేము ఫ్రేముగా ముందుకు జరుపుతాను. రైలు కిటికీలోంచి కరెంటు స్తంభాలు వెనక్కి పరిగెత్తే షాట్ దొరికితే అంతకన్నా కావలసింది లేదు: నిలువు గీత, అడ్డంగా కదలిక. స్తంభం ప్రతి ఫ్రేములోనూ నున్నగా ఉంటే ఆ డిస్క్ ప్రోగ్రెసివ్, అంటే ప్రతి ఫ్రేమూ ఒకే క్షణానిది, ఏ ఫిల్టరూ వద్దు. మూడు ఫ్రేములు నున్నగా, రెండు చీలికలుగా, మళ్లీ మూడు నున్నగా ఇలా వరస తిరుగుతుంటే అది టెలిసినీ. 24 ఫ్రేముల సినిమాను ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌లు వాడిన టీవీ ప్రమాణం) వారి 29.97కు సరిపెట్టడానికి కొన్ని ఫీల్డులను (బేసి లేదా సరి గీతల సగం బొమ్మలను) రెండేసి సార్లు వాడారన్నమాట. ప్రతి ఫ్రేములోనూ చీలికే ఉంటే వీడియో కెమెరాతో తీసిన అసలు సిసలు ఇంటర్‌లేస్డ్.

నాలుగో రకం ఒకటుంది, అది నిజంగా తలనొప్పి. చీలిక ఉండదు, కానీ ఒక స్తంభం ఉండాల్సిన చోట రెండు పలచటి స్తంభాలు, ఒకటి దెయ్యంలా. పాల్‌లో ఉన్న మాస్టర్‌ను చవగ్గా ఎన్‌టీఎస్‌సీకి మార్చినప్పుడు పక్కపక్క ఫీల్డులను కలిపేసి కొత్తవి పుట్టిస్తారు. ఫలితం ఇది. చీలికలు పోగొట్టే మామూలు డీఇంటర్‌లేస్ ఫిల్టర్‌కు ఇది కనపడదు, ఎందుకంటే మసక ఉన్నది గీతల మధ్య కాదు, బొమ్మలోనే. ఏవీసింత్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌రిస్టోర్ అనే ఫిల్టర్ ఉంది, కలిసిపోని ఫీల్డులను ఏరి అసలు ఫ్రేములను తిరిగి పేర్చే ప్రయత్నం చేస్తుంది. నిదానం, ప్రతిసారీ కుదరదు. ఆయనకు బాగా ఇష్టమైన రెండు మూడు సినిమాలకు మాత్రమే ఆ కష్టం పడ్డాను, మిగతావి దెయ్యాలతోనే వెళ్లాయి. ఆ మాట ముందే చెప్పి ఒప్పించాను.

డిస్క్ మీద "ఇంటర్‌లేస్డ్" అని గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. పాల్ డీవీడీల్లో సినిమా ప్రోగ్రెసివ్‌గానే ఉండి గుర్తు మాత్రం ఇంటర్‌లేస్డ్ అని వేసినవి బోలెడు. వాటికి గుడ్డిగా డీఇంటర్‌లేస్ పెడితే ఉన్న వివరం కాస్తా పోతుంది.

ఇక లావు మనుషుల సంగతి. డీవీడీలో పిక్సెళ్లు చతురస్రాలు కావు. ఎన్‌టీఎస్‌సీలో బొమ్మను మామూలుగా 720 బై 480గా దాస్తారు. దాన్ని 4:3గా పరచాలా, 16:9గా పరచాలా అన్నది పక్కన ఒక గుర్తు చెబుతుంది. పాత కాపీల్లో ఆ గుర్తును పట్టించుకోకుండా అన్నిటినీ 16:9లో నొక్కేశారు. 4:3 సినిమాలో మనిషి మూడో వంతు వెడల్పెక్కాడు. సరి చూసుకోవడానికి నాకు ఏ కొలతా అక్కర్లేదు, సినిమాలో గుండ్రటి వస్తువు ఒకటి చాలు. గోడ గడియారమో, కారు చక్రమో.

ఇంకో రకం డిస్కుల్లో సినిమాస్కోప్ (2.35:1) సినిమానే 4:3 చట్రంలో పైనా కిందా నల్ల పట్టీలతో కూర్చోబెట్టారు. లెక్క వేస్తే 480 గీతల్లో సినిమాకు దక్కింది 272, మిగతాదంతా నలుపు. పట్టీలు కోసేస్తే టాబ్లెట్ తెర వెడల్పంతా పరుచుకుంటుంది, కానీ అంత పెద్ద తెరకు ఆ 272 గీతలే. ఇలాంటివాటికి పెద్ద ఆశలు పెట్టుకోవద్దని చెప్పాను.

చూసింది చూసినట్టు ఒక చీటీ రాసి డిస్క్ కవరులో పెట్టుకుంటూ పోయాను: ఏ రకం, ఏ నిష్పత్తి, ఏ ఆడియో ట్రాక్, సబ్‌టైటిల్ ఉందా. ఒక్కో సినిమాకు పట్టేది కొద్ది నిమిషాలే. ఎన్‌కోడింగ్ గంటలు పట్టినా అది కంప్యూటర్ పని.

ఎన్‌కోడింగ్

హ్యాండ్‌బ్రేక్ వాడాను. 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, తనంతట తాను తాళాలు తీయదు, నాకు కావలసిందీ అదే. చీటీలను బట్టి పెట్టెను నాలుగైదు గుంపులుగా విడగొట్టి, గుంపుకో ప్రీసెట్ తయారు చేశాను. టెలిసినీ గుంపుకు డీటెలిసినీ (ఆ అదనపు ఫీల్డులను తీసేసే ఫిల్టర్) పెట్టి 23.976 ఫ్రేములకు దించాను. ఇంటర్‌లేస్డ్ వాటిలో సినిమాలకు డీకాంబ్ పెట్టాను, అది చీలిక కనిపించిన ఫ్రేములనే ముట్టుకుంటుంది. స్టేజ్ మీద తీసిన నృత్య కార్యక్రమం డిస్కులు కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం ప్రతి ఫీల్డునూ ఒక ఫ్రేముగా విప్పి సెకనుకు 50 ఫ్రేములు చేశాను. కాళ్ల కదలికలో ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

"ఒక్కో సినిమా ఎంత సైజు వస్తుంది?" అన్నది ఆయన మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్న. ముందుగా చెప్పలేనన్నాను. బిట్‌రేట్ కట్టేస్తే సైజు చెప్పొచ్చు: 1500 కేబీపీఎస్ అనుకుంటే 150 నిమిషాలకు దాదాపు 1.7 జీబీ. కానీ అలా కడితే నలుగురు కూర్చుని మాట్లాడుకునే సినిమాకూ, వానలో యుద్ధం జరిగే సినిమాకూ ఒకే రేషన్. నేను కట్టేది నాణ్యతను. హ్యాండ్‌బ్రేక్‌లో దాన్ని ఆర్ఎఫ్ అంటారు, అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. డీవీడీ స్థాయికి 18 నుంచి 22 మధ్య వాడమని వాళ్ల సూచన. నేను 20 పెట్టాను. శుభ్రమైన సినిమాలు ఒక జీబీ లోపే తేలాయి, ఫిల్మ్ గరుకు బాగా ఉన్న పాతవి రెండు దాటాయి. గరుకును యంత్రం వివరంగానే లెక్కిస్తుంది మరి. వాటికి స్వల్పంగా నాయిస్ తగ్గించే ఫిల్టర్ పెట్టొచ్చు, ఎక్కువైతే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. నేను దాదాపు వాడను.

వీడియోను కుదించే కొత్త పద్ధతి హెచ్.265 పెడితే ఇంకా చిన్నవి అయ్యేవి. వద్దనుకున్నాను. ఆయన టాబ్లెట్‌కు ఇబ్బంది లేదు గానీ, ఓడలో అందరూ కూర్చునే గదిలోని టీవీకి పెన్ డ్రైవ్ పెట్టి చూడటం కూడా ఉంది. పాత టీవీలు దానికి ముందు తరం హెచ్.264ను కళ్లు మూసుకుని ఆడిస్తాయి, 265 దగ్గర తడబడతాయి. అదే టీవీ ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లను మాత్రమే గుర్తుపడుతుందని ఆయన చెప్పారు, అంటే ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు. మనవి ఆ దరిదాపుల్లో లేవు. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టించుకున్నారు, తెలుగులో పెడితే ఆ టీవీ డబ్బాలు చూపిస్తోందట.

వీసీడీలను సాగదీయలేదు. 352 బై 288 ఎలా ఉందో అలాగే, ఆర్ఎఫ్ 18తో. పెద్దది చేసే పని తెర చూసుకుంటుంది.

మాటలు వినపడకపోవడం

డీవీడీలో 5.1 సౌండ్ ఉంటే మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు వెళ్తాయి. ఆరు ఛానెళ్లను రెండుకు కుదించేటప్పుడు ఆ మధ్య ఛానెల్ బలం తగ్గి ఎడమ, కుడి వాటిలో కలుస్తుంది. హాల్లో కూర్చుని వింటే సరే, ఇంజిన్ హోరు మధ్య ఇయర్‌ఫోన్లలో మాటలు మునిగిపోతాయి. అందుకని మధ్య ఛానెల్‌కు బలం పెంచి కలిపి, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య దూరం తగ్గించి, ఒక స్టీరియో ఏఏసీ ట్రాక్ 160 కేబీపీఎస్‌లో తయారు చేశాను. అది మొదటి ట్రాక్. డిస్క్‌లోని అసలు 5.1 ట్రాక్‌ను ముట్టుకోకుండా రెండోదిగా ఉంచాను. ఈ ఒక్క మార్పు ఆయనకు బొమ్మ కన్నా ఎక్కువ నచ్చింది.

సినిమాలు వేరే భాషలో మాట్లాడటానికి కారణం మామూలుదే: డిస్క్‌లో ఎనిమిది ఆడియో ట్రాకుల దాకా పెట్టొచ్చు, మొదటిది మనకు కావలసిందే అయి ఉండాలని రూలేం లేదు. చీటీ చూసి ఎంచుకుంటే సరిపోయింది.

సబ్‌టైటిల్స్‌కు మాత్రం చెయ్యి పడింది. డీవీడీలో అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఎంపీ4లో అలాగే పెడితే చాలా ప్లేయర్లు చూపించవు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మల్ని చదివించి అక్షరాలుగా మార్చాను. ఇంగ్లిష్ పెద్ద ఐ, చిన్న ఎల్ తారుమారు కావడం దీని పాత రోగం, స్పెల్లింగ్ తనిఖీతో చాలావరకు పోయింది. నచ్చనప్పుడు ఆపుకునే వీలుండాలని వాటిని బొమ్మలోకి అచ్చు గుద్దలేదు.

తనిఖీ

ప్రతి ఫైలునూ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెర లేకుండా మొదటి నుంచి చివరిదాకా డీకోడ్ చేయించి, ఎర్రర్ వస్తే పట్టుకున్నాను. నిడివిని డిస్క్ నిడివితో సరిపోల్చాను. కంటితో చూసింది మూడే చోట్లు: రెండు డిస్కులు అతికిన చోటు, డీవీడీ ఒక పొర నుంచి ఇంకో పొరకు మారే చోటు, చిట్టచివరి సీను. పెదవులకు మాట కుదరకపోతే అది చివరికి వచ్చేసరికే బాగా తెలుస్తుంది.

మిగిలిన ఒక్క డిస్క్

అన్నీ అయ్యాక ఒకటి తేలలేదు. ఆయన కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి తీసిన చిన్న సినిమా, ఇంట్లోనే రాసిన డీవీడీ-ఆర్. ఇంట్లో రాసిన డిస్కుల్లో డేటా ఒక రంగు పూతలో ఉంటుంది, అది కాలంతో పాటు వెలిసిపోతుంది. ఈ డిస్క్‌లో బయటి అంచు వెలిసింది. ఒక పొర డీవీడీ లోపలి నుంచి బయటికి నడుస్తుంది కాబట్టి పోయింది సినిమా చివరి భాగం. ఎన్ని డ్రైవులు మార్చినా అక్కడికి వచ్చేసరికి ఆగిపోయేది.

ఆ రోజుల్లో ఎన్ని కాపీలు రాశారని అడిగితే, జట్టులో అందరికీ తలా ఒకటి, ఒకే కంప్యూటర్ నుంచి ఒకే ఇమేజ్‌తో రాశామన్నారు. అది మంచి వార్త. ఒకే ఇమేజ్ నుంచి రాసినవైతే సెక్టారుకు సెక్టారు ఒకటే, ఒక డిస్క్‌లో పోయింది ఇంకో డిస్క్‌లోంచి పూరించవచ్చు. వేరే ఊళ్లో ఉన్న ఒక స్నేహితుడి దగ్గరి కాపీ తెప్పించారు. దానికీ అంచు కొంత వెలిసింది, కానీ అవే సెక్టార్లు కాదు. పాత మ్యాప్ ఫైలుతోనే దాన్ని చదివించాను. ఖాళీలు దాదాపు అన్నీ నిండాయి. చివర్లో పేర్లు పడేటప్పుడు రెండు మూడు సెకన్లు బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది. ఇంకో స్నేహితుడి కాపీ కూడా అడుగుతున్నారు, దొరికితే అదే మ్యాప్‌తో మళ్లీ ప్రయత్నిస్తాను.